మాల్టా చలి: వెచ్చబడాల్సింది ఇల్లా, మనిషా?

మధ్యధరా సముద్రం అనగానే మన కళ్ళకు ఎండే కనిపిస్తుంది. టూరిస్టు పోస్టర్లలో డిసెంబరు ఉండదు మరి. సిసిలీకి దక్షిణాన సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న మాల్టాలో జనవరి పగళ్ళు 15, 16 డిగ్రీలు, రాత్రులు 9, 10. మంచు పేరుకోదు, కుళాయిలో నీళ్ళు గడ్డకట్టవు. ఈ అంకెలు చూసుకుని మనవాళ్ళు సర్దిన పెట్టెలోంచి స్వెట్టరు తీసి పక్కన పడేసి విమానమెక్కుతారు. జనవరి వచ్చేసరికి వాళ్ళే ఇంట్లో కోటు, టోపీ తగిలించుకుని కూర్చుంటారు, వీధిలోకి వచ్చాక విప్పుతారు. అతిశయోక్తి కాదు. ఎండ కాసే మధ్యాహ్నం ఇక్కడ చాలా ఇళ్ళలో లోపలికంటే బయటే వెచ్చన.

ఈ దీవిలో తెలుగువాళ్ళు ఇద్దరు కలిస్తే చలికాలంలో నడిచే వాదం ఇదే. సుజాతది భీమవరం. వృద్ధుల ఆశ్రమంలో నర్సు, ఇక్కడ పాతకాపు. కిరణ్‌ది ఆదిలాబాద్. మ్యూనిక్‌లో చదువుకుని, ఆన్‌లైన్ ఆటల కంపెనీలో ఉద్యోగానికి పోయిన వేసవిలో వచ్చాడు. సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం హమ్రూన్‌లో సుజాత ఇంట్లో భోజనాలయ్యాక మొదలైన మాట చీకటిపడేదాకా సాగింది. నేను ఎక్కువగా విన్నాను. పేర్లు మార్చి, వాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను.

కిరణ్: అక్కా, నేను పుట్టిందే ఆదిలాబాద్‌ల. డిసెంబర్ రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగుడు మాకు కొత్త కాదు. మ్యూనిక్‌ల మైనస్ 10 కూడా చూసిన. కని ఇంట్ల కూసొని వణుకుడు నాకు ఇదే మొదటిసారి. పొద్దున లేస్తే పడకగదిలనే నోట్లకెల్లి ఆవిరి వస్తున్నది. థర్మామీటర్ కొని పెట్టిన. లోపల 12, బయట 14. ఇంటికన్న వీధి నయమంటే దాన్ని ఇల్లు అనెట్లుంటదా?

సుజాత: ఇల్లే. నువ్వెరిగిన ఇల్లు కాదు, అంతే. మ్యూనిక్‌లో కట్టినవాడు జనవరిని తలుచుకుని కట్టాడు. ఇక్కడ కట్టినవాడు ఆగస్టుని తలుచుకున్నాడు. ఎత్తయిన కప్పు, రాతి గోడ, కింద టైల్సు, ఎండ పడకుండా చెక్క తలుపులు. అన్నీ వేడిని లోపలికి రానివ్వకుండా ఉండటానికే. ఇంటికి నెలలు తెలీవు కదటయ్యా, జనవరిలోనూ అదే పని చేస్తుంది. ఇంటితో పోట్లాడి ఏం లాభం? ముందు ఒంటి మీద బట్ట సరిగ్గా వేసుకో. లోపల ఉన్ని బనీను, పైన స్వెట్టరు, కాళ్ళకి దళసరి మేజోళ్ళు, ఇంట్లో వేసుకోవడానికి మెత్తటి బూట్లు. నువ్విప్పుడు నా ఇంట్లో చల్లటి నేల మీద ఒట్టికాళ్ళతో కూర్చుని మాట్లాడుతున్నావు, చూసుకున్నావా?

కిరణ్: అలవాటక్కా, ఇంట్లకు చెప్పులేసుకొని రాబుద్ధి కాదు. సరే, ఆగస్టు కోసం కట్టిండ్రు అంటున్నవ్. మరి నేనుండేది మ్సీదాల పై అంతస్తు ఫ్లాటు. ఆగస్టుల ఉడికిపోయిన, ఇప్పుడు బిగుసుకపోతున్న. అది ఏ కాలం కోసం కట్టినట్టు? పాత ఇండ్ల సంగతి వేరు. రెండు వరుసల రాతిగోడ, నడుమ ఖాళీ, మంచి మందం ఉంటది. ఇప్పటి ఫ్లాట్లల సన్నటి గోడ, మీద ఉత్త కాంక్రీట్ స్లాబు, ఒంటి అద్దం అల్యూమినియం కిటికీ. దీనికి సంప్రదాయమని పేరు పెట్టకు. ఇది కట్టినోని పొదుపు. ఖర్చు మాత్రం ఉండేటోనిది.

(ఈ మాటకు సుజాత దగ్గర జవాబు లేదని నాకనిపించింది. దీవి నిండా క్రేన్లే కనిపించే ఈ రోజుల్లో, లేస్తున్న ఫ్లాట్లలో ఎన్నిటికి పైకప్పు మీద వేడిని ఆపే పొర వేస్తున్నారో చూస్తే కిరణ్ కోపం న్యాయమే. ఆవిడ మాత్రం ఓడినట్టు ఒప్పుకోలేదు, దారి మార్చింది.)

సుజాత: అసలు నువ్వు చలి చలి అంటున్నదాంట్లో సగం చలి కాదు, చెమ్మ. మీ ఆదిలాబాద్ చలి పొడి చలి. నెగడు వేసుకుంటే పోతుంది. ఇక్కడ గాలిలో తేమ చలికాలమంతా 75, 80 శాతం ఉంటుంది. దానికి తోడు ఈ రాయి చూడు, ఫ్రాంకా అంటారు. రంపంతో కోసేయొచ్చు, అంత మెత్తన. నీళ్ళు తాగేస్తుంది. పాత ఇళ్ళకి కింద వాననీటి బావి కూడా ఉంటుంది. నేలలోంచి చెమ్మ ఎక్కి, గోడకి ఉప్పు పూసి, పెచ్చులు లేస్తాయి. ఇదివరకు సున్నం వేసేవారు, ఆ తడి ఎలాగోలా బయటికి పోయేది. ఇప్పుడు సిమెంటు పూసి పైన ప్లాస్టిక్ రంగేస్తారు, తడి లోపలే ఉండిపోతుంది. దుప్పటి కప్పుకుంటే తడిగుడ్డ కప్పుకున్నట్టుంటుంది చూడు, అది దీనివల్లే.

కిరణ్: అదే నేను చెప్పేది కూడా! లెక్క చూడు. 20 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు 17 గ్రాముల ఆవిరి మోస్తది. 10 డిగ్రీల గాలికి 9 గ్రాములే ఎక్కువ. బయట 12 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలిని లోపలికి తెచ్చి 20 డిగ్రీలకు వెచ్చచేస్తే అండ్ల తేమ 50 శాతానికి పడిపోతది. నీటిబొట్టు తియ్యకుండనే గాలి పొడిగ అయితది. అంటే చెమ్మకు మందు వేడి. స్వెట్టర్ వేసుకుంటే నేను వెచ్చగుంట, గోడ ఉండదు. నా బీరువా వెనక నల్లగ బూజు పట్టింది. దానికి కూడ స్వెట్టర్ వేయాల్నా?

సుజాత: లెక్క బాగానే ఉంది. నువ్వు ఆ వేడి ఎప్పుడు పెడతావు?

కిరణ్: ఆఫీసు నుంచి వచ్చినంక. ఏడు నుంచి పది, పదకొండు దాకా.

సుజాత: ఆఁ, అక్కడే ఉంది. నాలుగ్గంటల్లో గాలి వెచ్చబడుతుంది, గోడ వెచ్చబడదు. రాతిగోడకి రోజులు కావాలి. ఈలోపు నువ్వు కిటికీలన్నీ బిగించి అన్నం వండుతావు, వేణ్ణీళ్ళు పోసుకుంటావు, ఉతికిన బట్టలు గదిలోనే ఆరేస్తావు. ఆ ఆవిరంతా వెచ్చటి గాలిలోకి ఎక్కుతుంది. పదకొండింటికి హీటరు ఆపేస్తావు. ఆ ఆవిరి పోయి ఎక్కడ కూర్చుంటుంది? అన్నిటికంటే చల్లగా ఉన్న చోట, అంటే నీ బీరువా వెనకాల. 20 డిగ్రీల గదిలో 60 శాతం తేమ ఉంటే 12 డిగ్రీల గోడ మీద నీరు పడుతుందని నీ లెక్కే చెప్పాలి.

కిరణ్: చెప్తది.

సుజాత: మరి? ఆ బూజుకి నువ్వే మేత వేస్తున్నావు. చలిగా ఉన్న పాత రోజుల కంటే, నీలాంటివాళ్ళు సాయంత్రం పూట కాసేపు వేడి పెట్టడం మొదలెట్టాకే బూజు ఎక్కువైందంటాను నేను.

(ఆఖరి వాక్యం వాదం కోసం అన్నదే. మిగిలినది నిజం. గది ఉష్ణోగ్రత ఎక్కుతూ దిగుతూ ఉండటమే గోడకు అన్నిటికంటే చేటు. తక్కువ వేడి ఎక్కువసేపు ఇవ్వడం మేలు. అది మళ్ళీ కరెంటు బిల్లు దగ్గరకే తీసుకుపోతుంది. అక్కడికి రాకముందు, మూలన చక్రాల మీద నిలబడి ఉన్న గ్యాస్ హీటరు మీదికి కిరణ్ చూపు పోయింది. లోపల సిలిండరు, ముందు ఎర్రగా కాలే పలకలు. దీవిలో ఎన్నో ఇళ్ళలో కనిపించేదే.)

కిరణ్: నేను బూజుకు మేత వేస్తున్న అంటున్నవ్, మరి అదేంది? ఒక కిలో గ్యాస్ కాలితే కిలోన్నరకు పైన నీళ్ళు పుడతయి. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే నీళ్ళే గద. 12 కిలోల సిలిండర్ అయిపోయేసరికి 19 లీటర్ల దాకా నీళ్ళు ఈ గదిల పోసినట్టు. పొగగొట్టం కూడ లేదు, మొత్తం ఇంట్లనే. పక్కన డీహ్యుమిడిఫయర్ పెట్టి ఆ నీళ్ళనే మళ్ళ పట్టి బకెట్‌ల పోస్తున్నవ్. ఎడమ చేత్తో పోసి కుడి చేత్తో తోడుడు అన్నట్టు.

సుజాత: అది మా ఇంటావిడ ఇచ్చింది. కరెంటు పోయినప్పుడు పనికొస్తుంది. పది నిమిషాల్లో వేడొస్తుంది, ఏ హీటరిస్తుంది అలాగ? పైగా కిటికీ వారగా తీసే ఉంచుతాను.

కిరణ్: వేడి కోసం హీటర్, హీటర్ కోసం కిటికీ.

సుజాత: నవ్వు, నవ్వు. ఆ కిటికీ తియ్యనివాళ్ళ సంగతి ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకి తెలుసు. గాలి చాలక గ్యాసు సగం కాలితే కార్బన్ మోనాక్సైడు వస్తుంది. వాసనుండదు, రంగుండదు, తలనొప్పి, మత్తు, అంతే. నిద్రపోయేముందు ఎట్టి పరిస్థితుల్లో ఆపెయ్యాలి. పడకగదిలోకి తేనేకూడదు. ఈ ఒక్కటీ నీ మాటే నెగ్గిందనుకో. కొనేవాళ్ళకి గ్యాస్ హీటరు వద్దనే చెప్తాను.

కిరణ్: రాసుకోండి సార్, అక్క ఒకటి ఒప్పుకున్నది.

సుజాత: రాసుకోండి. దాని కింద ఇది కూడా రాసుకోండి. ఆ డీహ్యుమిడిఫయరుని వెక్కిరించాడు కానీ, ఈ ఇంట్లో ఒక్క యంత్రమే ఉంచుకోవాలంటే నేనుంచుకునేది అదే. హీటరు కాదు. గది 15 డిగ్రీలుండి పొడిగా ఉంటే స్వెట్టరుతో హాయిగా ఉండొచ్చు. 19 ఉండి తడిగా ఉంటే కీళ్ళు పట్టేస్తాయి.

ఇక్కడ నేను కలగజేసుకుని కొనేవాళ్ళకోసం ఒక సంగతి చెప్పాను. ఈ యంత్రాల్లో రెండు జాతులున్నాయి. ఫ్రిజ్‌లోలాగా కంప్రెసరుతో గాలిని చల్లబరిచి నీరు తీసేవి ఒకటి. తేమను పీల్చే పదార్థంతో తిరిగే చక్రం ఉన్నవి రెండోది. డబ్బా మీద రోజుకు ఇన్ని లీటర్లని రాసే అంకె సాధారణంగా 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమలో కొలిచినది. మాల్టా జనవరిలో కంప్రెసరు యంత్రం అందులో సగం తీసినా సంతోషించాలి. 15 డిగ్రీల కింద దానికి ఓపిక తగ్గిపోతుంది. రెండోరకం చల్లటి గదిలోనూ పనిచేస్తుంది, కరెంటు ఎక్కువ తింటుంది, కానీ ఆ తిన్నదంతా వేడిగా గదిలోకే వదులుతుంది. కిరణ్ దీనికి ఇంకొకటి చేర్చాడు, అదీ సంతోషంగానే. ఆవిరి లీటరు నీరుగా మారితే సుమారు 0.7 యూనిట్ల వేడి గదికి దక్కుతుంది. అంటే ఆవిడ హీటరు కాదంటున్న యంత్రం కూడా హీటరే.

సుజాత: నువ్వు ఏ దారిన పోయినా హీటరు దగ్గరకే వస్తావు.

కిరణ్: ఎందుకంటే నిజం అక్కడున్నది. అక్కా, గోడ మీదున్న ఏసీ చూడు. ఎండాకాలం నడిపిందే, రిమోట్‌ల సూర్యుని బొమ్మ నొక్కితే వేడి ఇస్తది. ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి. ఎందుకంటే అది వేడిని పుట్టిస్తలేదు, బయటి గాలిల ఉన్న వేడిని లోపలికి మోస్తున్నది. మ్యూనిక్‌ల బయట మైనస్ ఉంటే దానికి కష్టం. ఇక్కడ బయట 10, 12 డిగ్రీలు. ప్రపంచంల ఆ యంత్రానికి ఇంతకంటె మంచి వాతావరణం దొరుకుడు కష్టం. దేవుడిచ్చిన వరం పెట్టుకొని, 2000 వాట్ల ఫ్యాన్ హీటర్లు కాళ్ళకాడ పెట్టుకుంటరు జనం. ఐదు గంటలు నడిపితే 10 యూనిట్లు. ఏసీకి మూడు చాలు.

సుజాత: వేడి కప్పుకి పోతుంది, కాళ్ళు చల్లగానే ఉంటాయి. ఈ ఎత్తు కప్పుల్లో నెత్తి మీద ఏసీ పెట్టి వెచ్చబరిచేది సాలెపురుగుల్ని.

కిరణ్: రెక్కలు కిందికి తిప్పి, ఫ్యాన్ స్పీడు పెంచితే కిందికే వస్తది. ఫిల్టర్ కడగాలె. ఎండాకాలం దుమ్ము అట్లనే పెట్టుకొని ఏసీ వేడి ఇస్తలేదంటరు.

సుజాత: సరే, బిల్లు సంగతి చెప్పు. నువ్వు యూనిట్‌కి ఎంత కడుతున్నావు?

కిరణ్: 13 సెంట్లు దాటుతది అనుకుంట.

సుజాత: 13.65. నేను కడుతున్నది 10.47. ఇద్దరం ఉన్నది ఒకే దీవిలో, ఒకే కరెంటు. ఎందుకో తెలుసా? ఇక్కడ ఇళ్ళకి రెండు రేట్లు. ఆ ఇంట్లో ఫలానావాళ్ళు నివాసం ఉంటున్నారని నమోదై ఉంటే నివాస రేటు. లేకపోతే ఖాళీగా ఉండే రెండో ఇంటికి వేసే రేటు. నీ ఇంటాయన ఆ నమోదుకి ఇచ్చే ఫారం హెచ్ మీద నీ పేరు ఎక్కించలేదు. అందుకే నీకు ఖాళీ ఇంటి రేటు పడుతోంది. పైగా ఒంటరిగా ఉండేవాళ్ళు ఏడాదికి 2000 యూనిట్లు దాటకపోతే 25 శాతం తగ్గిస్తారు. అదీ నీకు లేదు. ముందు ఆ కాగితం సంగతి చూసుకుని తర్వాత ఏసీ మహిమ చెప్పు.

(కిరణ్ ముఖం చూడాలి. నెలల తరబడి కడుతున్న బిల్లు మీద రెండు రేట్లున్నాయన్న సంగతే అతనికి తెలీదు. బయటి దేశాల నుంచి వచ్చి అద్దెకుంటున్న చాలామంది పరిస్థితి ఇదే. ఇంటాయనను అడిగితే ఏమంటాడో అని మానేసేవాళ్ళు కొందరు, అడగొచ్చని తెలియనివాళ్ళు ఎక్కువ. 2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన అద్దె చట్టం ప్రకారం ఒప్పందాన్ని హౌసింగ్ అథారిటీ దగ్గర రిజిస్టరు చేయడం తప్పనిసరి. ఆ కాగితం చేతిలో ఉంటే ఈ మాట అడగడానికి గొంతు లేస్తుంది. కిరణ్ చెప్పే యంత్రం ఎంత పొదుపైనదైనా, బిల్లులో మొదటి కోత సుజాత చెప్పిన కాగితం దగ్గరే పడుతుంది.)

కిరణ్: రేపే అడుగుత. కని అక్కా, కరెంటు సంగతి పక్కకు పెట్టు. నీ వాదంల నాకు నచ్చంది ఒకటున్నది. ఓర్చుకో అంటున్నవ్. ఇక్కడోళ్ళు ఓర్చుకుంటున్నరు గద, నువ్వూ ఓర్చుకో అని. ఆ ఓర్పుకు ఒక లెక్క ఉన్నది. 2003ల హీలీ అనే పరిశోధకుడు పడమటి ఐరోపా దేశాలల చలికాలం ఎంతమంది ఎక్కువ చనిపోతున్నరో చూసిండు. మంచుల మునిగే ఫిన్లాండ్‌ల 10 శాతం ఎక్కువ. ఎండల దేశం పోర్చుగల్‌ల 28 శాతం. స్పెయిన్‌ల 21. చలి ఎక్కువున్న కాడ జనం తక్కువ చనిపోతున్నరు, ఎందుకంటే ఆడ ఇండ్లు వెచ్చగున్నయి. ఇంకోటి. 2023 ఐరోపా లెక్కలల ఇల్లు సరిగ్గ వెచ్చగ పెట్టుకోలేకపోతున్నం అన్నోళ్ళు అంతటా కలిపి 10.6 శాతమైతే, స్పెయిన్, పోర్చుగల్ రెండిట్ల 20.8. ఇది అలవాటు కాదు, పేదరికం. దానికి ఓర్పు అని ముద్దుపేరు.

సుజాత: నేను నీకు చెప్పాను ఓర్చుకోమని. ముప్ఫై ఏళ్ళవాడివి, ఆరోగ్యంగా ఉన్నావు. మా ఆశ్రమంలో ఎనభై ఏళ్ళవాళ్ళకి ఆ మాట చెప్తానా? గదిలో 20 డిగ్రీల కంటే తగ్గితే రాత్రి డ్యూటీలో నేనే కేకలేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో 18 డిగ్రీలు అని చెప్పింది, పసిపిల్లలకి, పెద్దవాళ్ళకి, ఆయాసం ఉన్నవాళ్ళకి అంతకంటే ఎక్కువే కావాలంది. అది నాకు పాఠం చెప్పినట్టు చెప్పకు. ముసలివాళ్ళు నా దగ్గరకి ఎలా వస్తారో నేను చూస్తాను. ఒంటరిగా పెద్ద ఇంట్లో ఉంటారు, బిల్లుకి భయపడి వంటగదిలోనే చలికాలమంతా గడిపేస్తారు. దగ్గు మొదలవుతుంది. మరీ ముదిరాక తీసుకొస్తారు.

కిరణ్: అయితే మనం ఒకటే చెప్తున్నం.

సుజాత: లేదు. నువ్వు ఇల్లంతా అంటున్నావు, నేను ఒక్క గది అంటున్నాను. ఆ వంటగదిలో కూర్చున్న ముసలావిడ తప్పు చెయ్యలేదు, ఆ ఒక్క గదినైనా సరిగ్గా వెచ్చబెట్టుకోలేకపోయింది, అదీ బాధ. స్పెయిన్‌లో చూడు, గుండ్రటి బల్ల, దాని మీంచి నేలదాకా దళసరి గుడ్డ, కింద నిప్పుల కుంపటి. ఇప్పుడు కరెంటు కుంపటి పెడుతున్నారులే. ఇంటిల్లిపాదీ కాళ్ళు ఆ గుడ్డ కింద పెట్టుకుని భోంచేస్తారు, చదువుకుంటారు, పేకాడతారు. గది ఎంత చల్లగా ఉంటే ఎవడిక్కావాలి! మా అమ్మమ్మ పురిటిగదిలో కుంపటి పెట్టేది, ఇల్లంతా పెట్టిందా? అంతెందుకు, బైబిల్లోనే ఉంది. పౌలు ఓడ బద్దలై ఈ దీవికే కొట్టుకొచ్చాడు. మన తెలుగు బైబిల్లో మెలితే అని ఉంటుందే, అది ఇదే. వాన, చలి అని దీవివాళ్ళు నిప్పు రాజేసి అందర్నీ దగ్గరకి పిలిచారు. దీవి మొత్తం వెచ్చబెట్టలేదు.

కిరణ్: కట్టెలల్లకెల్లి పాము కూడ వచ్చి చెయ్యి పట్టుకున్నది గద ఆ కథల?

సుజాత: వచ్చింది. విదిలించుకున్నాడు, ఏం కాలేదు. నీ బూజుకంటే ఆ పామే నయం.

కిరణ్: కని చూడు, రెండువేల ఏండ్ల కిందనే వీళ్ళకు తెలుసు, చలిల వచ్చినోనికి ముందుగాల నిప్పు చూపియ్యాలని. ఇప్పటి ఇంటి ఓనర్లకు అది గుర్తులేదు. ఇంకోటి చెప్పు. మనకు పక్కనే లాంపెడూసా ఉన్నది, ఇటలీది, మాల్టా కంటె దక్షిణంల. ఇటలీ 1993 రూల్ ప్రకారం అక్కడ కూడ డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాక రోజుకు ఆరు గంటలు ఇండ్లల్ల హీటింగ్ నడుపుకోవచ్చు. అంటే అక్కడ కూడ చలి ఉంటదని సర్కారు ఒప్పుకున్నట్టే గద? మన ఇంటికి హీటింగే లేదు, గంటల లెక్క ఎక్కడిది!

సుజాత: ఆరు గంటలే అని అది పెట్టిన హద్దు, ఇచ్చిన వరం కాదు. అయినా ఇల్లంతా రేడియేటర్లు పెట్టించి ఏడాదికి మూడు నెలలు నడపడం నాకు ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఆ డబ్బుతో స్లాబు మీద పొర వేయించు, రెండు పొరల అద్దం కిటికీలు పెట్టించు. ఆగస్టులోనూ పనికొస్తాయి.

కిరణ్: ఇప్పుడు నా మాట నువ్వు చెప్తున్నవ్.

సుజాత: ఇల్లు నీదైతే చెప్పేదాన్నే. అద్దెకున్నవాడివి, వేరేవాళ్ళ కప్పు మీద నీ డబ్బు పోస్తావా?

చాలాసేపు నడిచిన ఈ వాదంలో అసలు ముడి ఇక్కడుందని నాకనిపించింది. గోడ, కప్పు, కిటికీ ఇంటాయనవి. బిల్లు, దగ్గు అద్దెకున్నవాడివి. కప్పుకు పొర వేయిస్తే లాభం రెండోవాడికి, ఖర్చు మొదటివాడికి. కాబట్టి ఎవరూ వేయించరు. సుజాత పద్ధతులు ఈ ముడిని విప్పవు, దాని చుట్టూ తిరిగి వెళ్ళే దారి చూపిస్తాయి. కిరణ్ లెక్కలు ముడి ఎక్కడుందో చూపిస్తాయి, కానీ ఈ రాత్రికి గది వెచ్చబడాలంటే అవి చాలవు. ఆ పూటకు నాకు సుజాత పద్ధతులే ఎక్కువ పనికొచ్చాయి. ఆవిడ దినచర్య అడిగి చెప్పించుకున్నాను.

సుజాత: ఎండొచ్చిన రోజు పదకొండు నుంచి రెండింటిదాకా కిటికీలు బార్లా తీసేస్తాను. బట్టలు, పరుపులు మేడ మీదికి. ఇక్కడ ప్రతి ఇంటికీ చదును మేడ ఉంది, అది పెద్ద ఆస్తి. మూడింటికల్లా అన్నీ మూసెయ్యాలి. కానీ గాలి ఎటునుంచి వస్తోందో చూసుకోవాలి. వాయవ్యం గాలి, మజ్జిస్ట్రాల్ అంటారు, అదైతే తియ్యి, చల్లగా ఉన్నా ఆరబెడుతుంది. ఆగ్నేయం నుంచి శ్లోక్క్ వస్తే మాత్రం ఒక్క కిటికీ కూడా తియ్యకూడదు.

కిరణ్: అది వెచ్చటి గాలే గద, ఆఫ్రికా నుంచి వస్తది?

సుజాత: వెచ్చగానే ఉంటుంది. దారిలో సముద్రం తాగి వస్తుంది. ఆ గాలి నీ చల్లటి నేలకి తగిలిందంటే నేల చెమట పడుతుంది. మొన్న మీ మెట్లన్నీ వాన లేకుండా తడిసిపోయాయని ఫోన్ చేశావే, అదే.

కిరణ్: నేను పైపు పగిలిందని ప్లంబర్‌ను పిలిచిన!

సుజాత: ఎంత తీసుకున్నాడు?

కిరణ్: అది వదిలెయ్యక్కా. ఎప్పటిదాక ఉంటది ఈ గోస? మన దగ్గరైతే శివరాత్రికి చలి శివశివా అని పోతది.

సుజాత: ఇక్కడ శివరాత్రికి వీధిలో చలి పోతుంది, ఇంట్లోంచి పోదు. గోడ వెచ్చబడటానికి మార్చి ఆఖరు దాకా పడుతుంది. ఏప్రిల్లో బయట టీషర్టులు, లోపల స్వెట్టర్లు.

కిరణ్: నా అగ్రిమెంట్ జూన్‌ల అయిపోతది. వేరే ఇల్లు చూస్త. జులైల ఏసీ నడుస్తదా లేదా అని ఒక్కటే చూసిన పోయినసారి.

సుజాత: జూన్ దాకా ఎందుకాగడం? ఇప్పుడే చూడటం మొదలెట్టు. ఇల్లు చూడాల్సింది ఫిబ్రవరిలో, రెండ్రోజులు వాన పడ్డాక. జూలైలో ప్రతి ఇల్లూ బాగుంటుంది, కొత్తగా రంగు వేస్తారు, బూజు కనపడదు. గుమ్మంలో అడుగుపెట్టగానే వాసన చూడు. బీరువాలు జరిపి వెనకాల గోడ మీద అరచెయ్యి పెట్టు. మంచం తలవైపు గోడ బయటిదా, లోపలిదా చూసుకో. దక్షిణం వైపు ఒక్క కిటికీ అయినా ఉండాలి, మెట్ల దారిలోకి తెరుచుకునేవి లెక్కలోకి రావు. పై అంతస్తు వద్దు, నేలమాళిగ అసలే వద్దు. నడిమి అంతస్తయితే కింద వాళ్ళ వేడి, పైవాళ్ళ కప్పు నీకు ఊరికే దక్కుతాయి.

కిరణ్: ఇంటికి ఇంధన సర్టిఫికెట్ ఉంటది గద. అద్దెకిచ్చేటప్పుడు చూపియ్యాలని చట్టం ఉన్నది. అదడుగుత. పడకగదిల ఏసీ ఉండాలె. ఫారం హెచ్ సంతకం ముందుగాల, తాళంచెవి తర్వాత. డీహ్యుమిడిఫయర్ ఓనరే పెట్టాలని అగ్రిమెంట్‌ల రాపిస్త.

సుజాత: రాయించు. అద్దె యాభై యూరోలు పెంచుతాడు.

కిరణ్: పెంచనియ్. యాభై యూరోలకు పొడి గోడ వస్తే నేను లాభపడ్డట్టే. నువ్వు కూడ రావాలక్కా చూడనీకి.

సుజాత: వస్తాను. నువ్వు ఏజెంటుని మాటల్లో పెట్టు, నేను వంటగది అలమరాల్లో చూస్తాను. బీరువాలు మాత్రం నువ్వే జరుపుకోవాలి, నా నడుం మీద ఆశ పెట్టుకోకు.